భాగం - 9 : కారు గేర్‌బాక్స్ – మార్చాలా? విప్పి బాగుచేయాలా? సొంతంగా చేయవచ్చా?

విషయక్రమం
9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 గేర్‌బాక్స్ చేసే పని
9.3 లోపం నిజంగా గేర్‌బాక్స్‌లోనే ఉందా?
9.4 మీ ముందున్న మార్గాలు
9.5 ఖర్చు లెక్క
9.6 సొంతంగా చేయడానికి కావలసినవి
9.7 నిర్ణయం తీసుకునే క్రమం
9.8 సారాంశం
9.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి – మాదిరి సమాధానాలు
9.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• గేర్‌బాక్స్ లోపాన్నీ, క్లచ్ లోపాన్నీ వేరుచేసి గుర్తించగలుగుతారు.
• ఓవర్‌హాలింగ్‌కూ, సెకండ్ హ్యాండ్ గేర్‌బాక్స్ వేయడానికీ ఉన్న తేడాలను వివరించగలుగుతారు.
• ఆగిపోయే రోజుల నష్టాన్నీ, పని చెడిపోయే అవకాశాన్నీ కలిపి ఖర్చు లెక్కవేయగలుగుతారు.
• ఏ పని సొంతంగా చేయవచ్చో, ఏది షెడ్డుకు ఇవ్వాలో నిర్ణయించగలుగుతారు.

9.1 పరిచయం

విశాఖపట్నంలో పనిముట్లు పట్టిన చేతులకు కొదవలేదు. ఓడరేవు, షిప్‌యార్డు, ఉక్కు కర్మాగారం, వాటి చుట్టూ వెలసిన చిన్న పరిశ్రమలు తరతరాలుగా ఫిట్టర్లను, వెల్డర్లను, టర్నర్లను తయారుచేస్తూ వచ్చాయి. మీలోనూ కొందరు పగలు షాపు ఫ్లోర్‌లో పనిచేసి, రాత్రి ఈ పాఠాలు చదువుకుంటున్నవారే. మరికొందరు కారు నడిపి ఇల్లు గడుపుతున్నవారు. అలాంటివారి కారులో ఒకరోజు రెండో గేరు కరకరమంటుంది. మెకానిక్ విని, "గేర్‌బాక్స్ దించాలి" అంటాడు. చెప్పిన ఖర్చు నెల సంపాదనకు దగ్గరగా ఉంటుంది. అప్పుడు సహజంగానే ఒక ఆలోచన వస్తుంది: "మనమే విప్పుకుంటే పోదా?"

ఇది తప్పు ఆలోచన కాదు. అయితే ఈ ఒక్క ప్రశ్నలో మూడు ప్రశ్నలు కలిసి ఉన్నాయి. లోపం ఎక్కడుంది? ఉన్న గేర్‌బాక్స్‌ను బాగుచేయాలా, ఇంకొకటి వేయాలా? ఆ పని ఎవరు చేయాలి? వీటిని విడదీసి, ఇదే వరసలో జవాబు వెతకాలి. వరస తప్పితే మంచి గేర్‌బాక్స్‌ను అనవసరంగా విప్పే ప్రమాదం ఉంది.

ఇందులో డబ్బు మాత్రమే కాదు, ప్రాణం కూడా ముడిపడి ఉంది. అనంతగిరి ఘాట్‌లో అరకు నుంచి దిగేటప్పుడు కారు వేగాన్ని బ్రేకు ఒక్కటే ఆపదు. తక్కువ గేరులో ఉన్న ఇంజను కూడా ఆపుతుంది. దిగుడులో గేరు దానంతట అదే న్యూట్రల్‌కు జారిపోతే బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. అవి వేడెక్కితే పట్టు తగ్గుతుంది. కాబట్టి గేరు జారే కారును "ఇంకో నెల లాగిద్దాం" అని నడపడం పొదుపు కాదు.

9.2 గేర్‌బాక్స్ చేసే పని

ఇంజను ఒక పరిమిత వేగంలోనే బాగా శక్తినిస్తుంది. కారు ఆగిన చోటునుంచి కదలాలంటే చక్రాలకు తిప్పే బలం ఎక్కువ కావాలి. హైవే మీద వేగం ఎక్కువ కావాలి. ఈ మార్పిడి గేర్ల నిష్పత్తి వల్ల జరుగుతుంది. చిన్న కార్లలో మొదటి గేరు నిష్పత్తి సాధారణంగా 3.5 దరిదాపుల్లో ఉంటుంది. అంటే ఇంజను వైపు షాఫ్టు మూడున్నర చుట్లు తిరిగితే అవతలి షాఫ్టు ఒక చుట్టు తిరుగుతుంది. వేగం తగ్గుతుంది, బలం ఆ మేరకు పెరుగుతుంది. అయిదో గేరులో ఈ నిష్పత్తి 1 కన్న తక్కువ.

గేర్‌బాక్స్‌లోని పళ్లచక్రాలు ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలిసే తిరుగుతుంటాయి. మీరు గేరు మార్చినప్పుడు నిజంగా జరిగేది, వాటిలో ఒకదాన్ని షాఫ్టుకు బిగించడమే. వేర్వేరు వేగాలతో తిరిగే రెండు భాగాలను ఒక్కసారిగా కలిపితే పళ్లు గీసుకుంటాయి. అలా కాకుండా ముందు వాటి వేగాలను సమానం చేసేది సింక్రోనైజర్ రింగు. ఇది ఎక్కువగా ఇత్తడి జాతి లోహంతో చేసిన చిన్న కోన్. గేరు మీద ఒరుసుకుని, రాపిడితో వేగాన్ని సరిచేస్తుంది. 1928లో అమెరికాలో కాడిలాక్ కార్లలో ఈ ఏర్పాటు వచ్చింది. అంతకుముందు డ్రైవర్లు గేరు మార్చేటప్పుడు క్లచ్‌ను రెండుసార్లు తొక్కి, ఇంజను వేగాన్ని చెవితో సరిచూసుకోవలసి వచ్చేది.

రాపిడితో పనిచేసే వస్తువు అరిగిపోక తప్పదు. నగరంలో ఎన్‌ఏడీ కూడలి నుంచి గాజువాక వరకు ఆగుతూ సాగే ప్రయాణంలో రెండో గేరు వాడకం ఎక్కువ. కాబట్టి చాలా కార్లలో మొదట అరిగేది రెండో గేరు సింక్రో రింగే.

ఇక్కడ ఉక్కు నగరంలో వినిపించే ఒక అపోహను చెప్పుకోవాలి. "పన్ను విరిగితే వెల్డింగ్ పెట్టి, ఆకురాయితో సరిచేయవచ్చు, లేకపోతే లేత్ మీద కొత్తది చేయించవచ్చు" అంటారు కొందరు. గేర్లను మిశ్రమ ఉక్కుతో చేసి, పైపొరను మాత్రమే గట్టిపరుస్తారు. ఆ పొర మందం ఒక మిల్లీమీటరు అటూఇటూ ఉంటుంది. లోపలి భాగం దెబ్బలను ఓర్చుకునేలా కొంత మెత్తగా ఉంటుంది. వెల్డింగ్ వేడికి ఆ గట్టిదనం పోతుంది, రాస్తే ఆ పొరే పోతుంది. విశాఖ ఉక్కు కర్మాగారం ప్రధానంగా తయారుచేసేవి రీబార్లు, వైర్ రాడ్లు, రౌండ్లు, స్ట్రక్చరల్స్. ఇల్లు నిలబెట్టే కడ్డీ మంచి ఉక్కే, కాని అది గేరు ఉక్కు కాదు. పళ్లు దెబ్బతిన్న గేరును మార్చవలసిందే, అదీ దానితో కలిసి తిరిగే జోడీ గేరును పరిశీలించాకే.

9.3 లోపం నిజంగా గేర్‌బాక్స్‌లోనే ఉందా?

దించడానికి ముందు కింది పరీక్షలు చేయండి. వీటికి ఖర్చు లేదు.

(అ) ఇంజను ఆపి అన్ని గేర్లూ వేసి చూడండి. ఆపినప్పుడు సాఫీగా పడి, నడుస్తున్నప్పుడు అన్ని గేర్లూ, ముఖ్యంగా రివర్స్, కరకరమంటే క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదని అర్థం. కేబులు, హైడ్రాలిక్ సిలిండరు, క్లచ్ ఫోర్కు చూడాలి.

(ఆ) ఒకే ఒక్క గేరు మారేటప్పుడు మాత్రమే కరకరమంటే ఆ గేరు సింక్రో రింగును అనుమానించాలి.

(ఇ) యాక్సిలరేటరు తొక్కితే ఇంజను వేగం పెరిగి, కారు వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు జారుతోంది. ఇది గేర్‌బాక్స్ లోపం కాదు.

(ఈ) కారు ఆగి, న్యూట్రల్‌లో ఉండగా వినిపించే రొద, క్లచ్ తొక్కగానే పోతే గేర్‌బాక్స్ ముందువైపు షాఫ్టు బేరింగు లోపం కావచ్చు. క్లచ్ తొక్కినప్పుడే వస్తే రిలీజ్ బేరింగు లోపం.

(ఉ) గేరు ఏదైనా సరే, కారు వేగాన్నిబట్టి మారే రొద డిఫరెన్షియల్ నుంచి గాని, చక్రం బేరింగు నుంచి గాని రావచ్చు. చక్రాన్ని పైకెత్తి చేత్తో తిప్పి చూడండి.

(ఊ) గేరు రాడ్డు వదులుగా ఊగుతూ, గేరు ఎక్కడుందో తెలియకపోతే లింకేజీ బుష్‌లు, కేబుళ్లు చూడండి. తక్కువ ఖర్చుతో పోయే లోపం ఇది.

(ఋ) గేరు జారి న్యూట్రల్‌కు వస్తుంటే ముందు ఇంజను మౌంటింగులు పగిలాయేమో చూడండి. అవి బాగుంటే లోపలి పళ్ల అంచులు, షిఫ్టు ఫోర్కు, లాకు స్ప్రింగు అరిగి ఉండవచ్చు.

తరవాత నూనె పరీక్ష. నింపే బిరడా ఊడుతుందని తేల్చుకున్న తరవాతే దించే బిరడా విప్పండి. నూనె దించేశాక నింపే బిరడా తుప్పుపట్టి రాకపోతే కారు అక్కడే ఉండిపోతుంది. అయస్కాంతం మీద మెత్తని బూడిదరంగు ముద్ద ఉండడం మామూలే. నూనెలో పసుపు మెరుపు ఉంటే సింక్రో రింగులు అరుగుతున్నాయి. వేలికి తగిలే ఉక్కు ముక్కలు ఉంటే పన్నో, బేరింగో విరిగింది, ఇక కారు నడపకూడదు. నూనె పాలలా తెల్లగా ఉంటే నీరు చేరింది. వేడిగా ఉన్న గేర్‌బాక్స్ నీటిలో మునిగితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుంటుంది, గాలి గొట్టం గుండా నీటిని లోపలికి లాగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పటి వంటి వరద రోజుల్లో నిలిచిపోయిన కార్లకు ఈ నూనె పరీక్ష తప్పనిసరి.

నూనె రకం కూడా సరిచూడండి. తయారీదారు జీఎల్-4 చెప్పిన చోట జీఎల్-5 పోస్తే, అందులోని కొన్ని రసాయనాలు ఇత్తడి భాగాలను తినవచ్చు. సింక్రో పట్టూ తగ్గవచ్చు. సరైన నూనె మార్చగానే గేర్లు మెరుగైన సందర్భాలు లేకపోలేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
ఇంజను ఆపినప్పుడు గేర్లు సాఫీగా పడి, నడుస్తున్నప్పుడు అన్నీ కరకరమంటే గేర్‌బాక్స్ దించాలా? ఎందుకు?

9.4 మీ ముందున్న మార్గాలు

లోపం లోపలే అని తేలితే ప్రధానంగా నాలుగు మార్గాలున్నాయి.

మొదటిది, మీరే దించి, మీరే విప్పి, అరిగినవి మార్చడం. కొత్త బేరింగులు, రింగులు, సీళ్లు పడతాయి కాబట్టి లోపల ఏముందో మీకు తెలుస్తుంది. అయితే బేరింగులు తీయడానికి పుల్లరు, ఎక్కించడానికి ప్రెస్సు కావాలి. సర్క్లిప్పులు, షిమ్ములు ఏ వరసలో వచ్చాయో అదే వరసలో వెళ్లాలి. ఒక్క షిమ్ము మారినా షాఫ్టు ఆట మారిపోతుంది.

రెండోది, సెకండ్ హ్యాండ్ గేర్‌బాక్స్ తెచ్చి మీరే వేయడం. గాజువాక ఆటోనగర్‌లో గాని, సుమారు 350 కిలోమీటర్ల దూరంలోని విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో గాని వెతకవచ్చు. పని త్వరగా అవుతుంది. కాని అది ఎంత అరిగిందో బయటికి కనబడదు. కొనేముందు ఇవి చూడండి: మౌంటింగు చెవుల దగ్గర పగుళ్లు, షాఫ్టు ఆట, ప్రతి గేరులో చేత్తో తిప్పితే సాఫీగా తిరగడం, మిగిలిన నూనె రంగు, హౌసింగు మీది నంబరు. ఒకే మోడలు కారులో పెట్రోలు, డీజిల్ రకాలకు చివరి నిష్పత్తి వేరుగా ఉండవచ్చు. బోల్టులు సరిపోయినంత మాత్రాన బాక్స్ సరిపోయినట్లు కాదు. నంబరు రాసిన బిల్లు, మార్పిడి హామీ తీసుకోండి. బిల్లు ఇవ్వనన్న చోట ధర ఎంత తక్కువైనా కొనవద్దు. అది దొంగ సొత్తయితే చిక్కు మీకే.

మూడోది, మీరు దించి, విప్పే పనిని మాత్రం అనుభవమున్న షెడ్డుకు ఇచ్చి, తిరిగి మీరే బిగించడం. చాలామంది ఆలోచించని మార్గం ఇది. దించడంలో శ్రమ ఎక్కువ, విప్పడంలో నైపుణ్యం ఎక్కువ. శ్రమను మీరు ఉంచుకుని, నైపుణ్యాన్ని కొనుక్కుంటారన్నమాట.

నాలుగోది, మొత్తం షెడ్డుకే అప్పగించడం. మజూరీ ఎక్కువ, కాని తేడా వస్తే బాధ్యత వారిది.

9.5 ఖర్చు లెక్క

ఇప్పుడు ఈ నాలుగింటినీ పోల్చుదాం. కింది అంకెలు పద్ధతి నేర్పడానికి ఊహించినవి మాత్రమే. మీరు వాకబు చేసిన ధరలతో మళ్లీ వేసుకోండి.

రెండు సూత్రాలు గుర్తుంచుకోండి. ఒకటి, అన్ని మార్గాల్లోనూ సమానంగా అయ్యే ఖర్చు నిర్ణయాన్ని మార్చదు. క్లచ్ సెట్టు, గేర్ ఆయిలు ఎలాగూ కొనాలి కాబట్టి వాటిని లెక్కలోకి తీసుకోలేదు. రెండు, పని చెడిపోయే అవకాశానికీ ఒక ధర ఉంది. చెడితే అయ్యే అదనపు ఖర్చును, చెడే సంభావ్యతతో గుణిస్తే ఆ ధర వస్తుంది.

ఒక టాక్సీ యజమాని ఖర్చులు పోను రోజుకు రూ. 1,200 సంపాదిస్తున్నాడనుకుందాం.

మార్గం 1 (అంతా సొంతం): విడిభాగాలు 9,000 + పనిముట్లు 4,000 + ఆరు రోజుల నష్టం 7,200. చెడే అవకాశం నూటికి 30. చెడితే మళ్లీ 6,000 ఖర్చు, మూడు రోజుల నష్టం 3,600, మొత్తం 9,600. దానిలో 30 శాతం 2,880. అన్నీ కలిపి రూ. 23,080.

మార్గం 2 (సెకండ్ హ్యాండ్ బాక్స్, సొంత బిగింపు): బాక్స్ 12,000 + పనిముట్లు 2,000 + మూడు రోజులు 3,600. చెడే అవకాశం 25 శాతం. చెడితే సీళ్లు, నూనె 1,400, మూడు రోజులు 3,600, మొత్తం 5,000. దానిలో 25 శాతం 1,250. అన్నీ కలిపి రూ. 18,850.

మార్గం 3 (దించడం మీరు, విప్పడం షెడ్డు): విడిభాగాలు 9,000 + మజూరీ 4,000 + పనిముట్లు 2,000 + నాలుగు రోజులు 4,800. చెడే అవకాశం 10 శాతం. చెడితే 3,600 ఖర్చు, రెండు రోజులు 2,400, మొత్తం 6,000. దానిలో 10 శాతం 600. అన్నీ కలిపి రూ. 20,400.

మార్గం 4 (అంతా షెడ్డు): విడిభాగాలు 9,000 + మజూరీ 9,000 + మూడు రోజులు 3,600. చెడే అవకాశం 10 శాతం. హామీ ఉంది కాబట్టి చెడితే మూడు రోజుల నష్టం 3,600 మాత్రమే. దానిలో 10 శాతం 360. అన్నీ కలిపి రూ. 21,960.

గమనించారా? ఈ టాక్సీ యజమానికి అన్నిటికన్న ఖరీదైనది "అంతా సొంతం". మజూరీ మిగిలిందనుకున్నాడు గాని, కారు ఆగిన ఆరు రోజులు ఆ మిగులును మింగేశాయి.

ఇప్పుడు అదే కారు ఒక ఉద్యోగిదనుకోండి. ఆయన బస్సులో వెళ్లగలడు, సెలవు రోజుల్లో పని చేసుకుంటాడు. రోజు నష్టం సున్నా. అప్పుడు మార్గం 1కి రూ. 14,800, మార్గం 2కి రూ. 14,350, మార్గం 3కి రూ. 15,360, మార్గం 4కి రూ. 18,000 అవుతాయి. మొదటి రెండూ దాదాపు సమానం. పైగా మొదటి మార్గంలో లోపల కొత్త భాగాలు పడతాయి, పనిముట్లూ చేతిలో మిగులుతాయి. లోపం ఒకటే, కారు ఒకటే. మారింది కారు మీద ఆధారపడిన తీరు మాత్రమే, దానితో జవాబే మారింది.

కారు విలువను కూడా లెక్కలోకి తీసుకోండి. మారుతి 800 వంటి తయారీ ఆగిపోయిన పాత కారును త్వరలో అమ్మేద్దామనుకుంటే, దానికి ఓవర్‌హాలింగ్ చేయించి పెట్టిన డబ్బు అమ్మకం ధరలో తిరిగి రాకపోవచ్చు. ఇంకా అయిదేళ్లు నడుపుదామనుకుంటే అదే ఖర్చు సబబవుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
క్లచ్ సెట్టు ఖరీదును పై లెక్కలో ఎందుకు చేర్చలేదు?

9.6 సొంతంగా చేయడానికి కావలసినవి

చోటు: చదునైన, గట్టి నేల కావాలి. ఇసుక నేల మీద గాని, వీధి వాలులో గాని ఈ పని చేయకూడదు. అపార్ట్‌మెంటు సెల్లారులో కారును వారం రోజులు పైకెత్తి ఉంచడానికి అనుమతి ఉందో లేదో ముందే తెలుసుకోండి.

ఆధారం: జాకీ ఎత్తడానికే, నిలపడానికి కాదు. జాకీ ఒక్కదాన్ని నమ్మి కారు కిందికి వెళ్లడం ప్రాణాలతో చెలగాటం. బరువుకు తగిన స్టాండ్లు పెట్టి, నేలమీద ఉన్న చక్రాలకు అడ్డు వేసి, కారును చేత్తో ఊపి చూసిన తరవాతే కిందికి వెళ్లండి. సిమెంటు ఇటుకలు స్టాండ్లు కావు, అవి హెచ్చరించకుండా పగులుతాయి. బ్యాటరీ నెగెటివ్ వైరు ముందే తీయండి.

సాయం: చిన్న కారు గేర్‌బాక్స్ సుమారు 25 నుంచి 35 కిలోలు తూగుతుంది. రొమ్ము మీదికి దించుకునే బరువు కాదది. ఇద్దరు ఉండాలి, గేర్‌బాక్స్ కింద ఇంకో జాకీ ఉండాలి. ముందు చక్రాల డ్రైవ్ ఉన్న కార్లలో గేర్‌బాక్స్ మౌంటింగు తీయగానే ఇంజను వాలిపోతుంది కాబట్టి దానికీ వేరే ఆధారం ఇవ్వాలి. తిరిగి ఎక్కించేటప్పుడు బాక్స్ బరువు షాఫ్టు మీద వేలాడకూడదు. అలా వేలాడితే కొత్త క్లచ్ ప్లేటు మధ్యభాగం వంగిపోతుంది.

తుప్పు: ఇది మన తీరం తెచ్చిపెట్టే ప్రత్యేక ఇబ్బంది. ఉప్పుగాలి తగిలే చోట అల్యూమినియం హౌసింగులోని ఉక్కు బోల్టులు బిగుసుకుపోతాయి. బలంగా తిప్పితే బోల్టు తెగుతుంది, లేదా అల్యూమినియం మర ఊడిపోతుంది. ముందురోజే తుప్పు వదిలించే నూనె పట్టించి, కొద్దికొద్దిగా ముందుకూ వెనక్కూ తిప్పుతూ తీయండి. పాత కార్ల అంచనాలో ఒక రోజు దీనికే అదనంగా వేసుకోండి.

శుభ్రత, జ్ఞాపకం: విప్పే ప్రతి దశలో ఫోటో తీయండి. తీసిన వరసలోనే భాగాలను పళ్లాల్లో పేర్చండి. బేరింగును షాఫ్టు మీదికి ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీదే నొక్కాలి. బయటి రింగు మీద కొడితే కొత్త బేరింగు అప్పుడే పాడవుతుంది. బోల్టులను మాన్యువల్‌లో చెప్పిన మేరకు టార్క్ రెంచితో బిగించండి. క్లచ్ దుమ్మును గాలితో ఊదవద్దు. పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. తడిగుడ్డతో తుడవండి.

పాత నూనె: వాడిన నూనెను 2016 నాటి నిబంధనలు ప్రమాదకర వ్యర్థంగా పరిగణిస్తాయి. దాన్ని కాలవలో గాని, గెడ్డలో గాని పోయవద్దు. మేఘాద్రి గెడ్డ రిజర్వాయరు నగరానికి తాగునీటి ఆధారాల్లో ఒకటని గుర్తుంచుకోండి. డబ్బాలో పట్టి, వాడిన నూనె సేకరించే షెడ్డుకు ఇవ్వండి.

9.7 నిర్ణయం తీసుకునే క్రమం

1. 9.3లోని పరీక్షలు పూర్తిచేయండి. బయటి లోపం ఏదైనా కనబడితే ముందు దాన్ని సరిచేసి చూడండి.
2. గేరు జారడం, నూనెలో ఉక్కు ముక్కలు – ఈ రెండింటిలో ఏది ఉన్నా కారు ఆపేయండి.
3. హౌసింగు పగిలినా, రెండు మూడు గేర్లు ఒకేసారి దెబ్బతిన్నా మార్చడం మేలు. ఒక రింగో, బేరింగో అయితే బాగుచేయడం మేలు.
4. విడిభాగాలు దొరుకుతాయని తేల్చుకున్నాకే విప్పండి. విప్పిన బాక్స్ ఒక్క రింగు కోసం నెలరోజులు గోనెసంచిలో ఉండిపోయే ప్రమాదం ఉంది.
5. మీ సొంత అంకెలతో నాలుగు మార్గాల లెక్క వేయండి.
6. చోటు, స్టాండ్లు, తోడు – ఈ మూడింటిలో ఒక్కటి లేకపోయినా దించే పని మీరు చేయవద్దు. లెక్క ఏమి చెప్పినా సరే.

ఆరో అంశం లెక్కకు అతీతం. మిగిలినవాటిలో పొరపాటు జరిగితే డబ్బు పోతుంది, మళ్లీ సంపాదించుకోవచ్చు.

9.8 సారాంశం

గేర్‌బాక్స్ లోపంగా కనబడేవాటిలో కొన్ని క్లచ్, లింకేజీ, మౌంటింగు లోపాలు. ఖర్చులేని పరీక్షలతో వాటిని వేరుచేయవచ్చు. బాగుచేయాలా, మార్చాలా అనేది నష్టం ఎంత విస్తరించింది, విడిభాగాలు దొరుకుతాయా, కారును ఇంకా ఎన్నాళ్లు నడుపుతారు అనే అంశాల మీద ఆధారపడుతుంది. సొంతంగా చేయాలా అనేది ఆగిపోయే రోజుల విలువ, పని చెడే అవకాశం, భద్రత మీద ఆధారపడుతుంది. పనిని విభజించి, శ్రమను మీరు తీసుకుని నైపుణ్యాన్ని షెడ్డుకు వదిలే మధ్యేమార్గం కూడా ఉంది. షెడ్డుకే ఇచ్చినా ఈ భాగం మీకు ఉపయోగపడుతుంది. ఏ లోపానికి ఏది మారుస్తున్నారో అడిగి, తీసిన పాత భాగాలను చూపించమనగలుగుతారు.

9.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి – మాదిరి సమాధానాలు

1. వెంటనే దించనక్కరలేదు. ఇంజను ఆపినప్పుడు సాఫీగా పడుతున్నాయంటే క్లచ్ పూర్తిగా విడిపోకపోవడమే కారణమయ్యే అవకాశం ఎక్కువ. ముందు క్లచ్ కేబులు, సిలిండరు, ఫోర్కు పరిశీలించాలి.
2. అది నాలుగు మార్గాల్లోనూ సమానంగా అయ్యే ఖర్చు. అన్నిటికీ ఒకే మొత్తం కలిపితే వాటి మధ్య తేడా మారదు.

9.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు సుమారు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. గేర్‌బాక్స్ లోపాలను, క్లచ్ లోపాలను వేరుచేసే పరీక్షలను వివరించండి.
2. మీకు తెలిసిన ఒక కారుకు వాస్తవ ధరలు సేకరించి, నాలుగు మార్గాల ఖర్చును పోల్చి, మీ నిర్ణయాన్ని సమర్థించండి.

II. కింది ప్రశ్నలకు సుమారు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. సింక్రోనైజర్ రింగు పనిచేసే విధానం.
2. దెబ్బతిన్న గేరు పన్నును వెల్డింగ్‌తో ఎందుకు బాగుచేయకూడదు?
3. సెకండ్ హ్యాండ్ గేర్‌బాక్స్ కొనేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు.